తెల్లనూనె చల్లిన నిమ్మచెట్టు

"ఈ చెట్టుకేమైనా అయితే నాన్న మొహం ఎలా చూడను?" స్ప్రే సీసా ఇంకా చేతిలోకి తీసుకోకముందే పైకి అనేసింది లోర్నా.

నిమ్మచెట్టు అమ్మది. ఆస్ట్రేలియాలోని మిల్డూరాలో ఆ ఇంట్లో కాపురం పెట్టిన వారంలోనే నాటింది. అమ్మ పోయి నాలుగు నెలలైంది. అప్పటినుంచి నాన్న క్లారీ వరండా కుర్చీలోనే ఉంటున్నాడు. అడిగితే ఊఁ అంటాడు, ఒక్కోసారి అదీ లేదు. పొద్దున్నే ఆ చెట్టుకేసి చూస్తూ టీ తాగడం ఒక్కటే మానలేదు. ఇప్పుడా చెట్టు కొమ్మల నిండా పొలుసుపురుగు.

ఈ పురుగుకి అమ్మ తెల్లనూనె అనే మందు కలిపేది. వంటనూనె, గిన్నెలు కడిగే సబ్బు జాడీలో పోసి, పాలలా తెల్లబడేదాకా లోర్నా చేతే ఊపించేది. చేతులు పీకినా లోర్నా జాడీ వదిలేది కాదు. వంటింటి అలమర తలుపు లోపల అమ్మ రాత ఇంకా ఉంది: నూనె నాలుగు కప్పులు, సబ్బు ఒకటి. అంతే.

లోర్నా అంతే కలిపింది. అక్కడ జనవరంటే నడివేసవి; నలభై డిగ్రీల ఎండలో చెట్టంతా తడిపింది.

కంచె అవతలి నుంచి పక్కింటి ఎస్మీ నవ్వింది. "నిమ్మకాయ చేప మీద పిండుతారు గానీ, చెట్టునే వేయిస్తున్నావేంటే?"

"పురుగుకి, ఆంటీ. అమ్మ మందే."

"మీ అమ్మ ఇంత చిక్కగా చల్లడం నేనెప్పుడూ చూళ్ళేదు. అదీ మిట్టమధ్యాహ్నం!"

లోర్నాకి అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ పక్కన బకెట్టు ఉండేది కదా! దాన్నిండా నీళ్లు పోసి, జాడీలోది కొంచెమే కలిపి, పొద్దు వాలాక చల్లేది. చేతికి అలవాటైన సంగతి ఎవరు రాసిపెడతారు? పైపు లాగి గబగబా చెట్టును కడిగింది.

మూడు రోజుల్లో ఆకులు మాడి రాలిపోయాయి. నాలుగో పొద్దున లోర్నా వరండాలోకి వచ్చి నిలబడింది.

"నాన్నా, అమ్మ చెట్టుని చంపేశాను."

క్లారీ కప్పు కింద పెట్టి, నెమ్మదిగా మెట్లు దిగి, చెట్టు బెరడు బొటనవేలి గోటితో గీకాడు. అలాగే నిలబడిపోయాడు. ఆయనకు గుండె పట్టేసిందేమో, కింద పడతాడేమో, ఇక ఈ జన్మకు తనతో మాట్లాడడేమో అని ఆమె గబగబా మెట్లు దిగింది. కప్పులో టీ చల్లారిపోయింది.

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు," అన్నాడు చివరికి, "మీ అమ్మా నీళ్లు కలపడం మర్చిపోయింది. ఒక్క ఆకు మిగల్లేదు. రెండ్రోజులు ఏడ్చింది, పిచ్చిది. ఇదిగో, బెరడు లోపల పచ్చగానే ఉంది, బతికే ఉంది, మళ్లీ చిగురేస్తుంది. ఎండిన కొమ్మలని కత్తెర మాత్రం పెట్టకు. సాయంత్రం నీళ్లు నేను పెడతా."