ఇంటికి తెచ్చిన చీరల కట్ట

మా బుజ్జి వెళ్లే బాల్‌వాడీని మధ్యాహ్నం అన్నం వేళకే వదిలేస్తారు. నేనేమో ఈ ఊరుగాని ఊరు కడోదరాలో, చీరల కార్ఖానాలో సాయంత్రం దాకా దారాలు కత్తిరిస్తాను. ఎంబ్రాయిడరీ అయ్యాక చీర వెనక వేలాడే పోగులన్నీ తీసేయడమే నా పని. మా ఆయన శివకృష్ణ పగలంతా మగ్గాల దగ్గరే. ఇన్నాళ్లూ పక్కింటి నర్సవ్వ బుజ్జిని తెచ్చి చూసుకుంది. కూతురి కాన్పుకని ఈ ఆదివారం ఆమె సిరిసిల్ల బండెక్కుతోంది. ఆ తర్వాత బుజ్జి ఎక్కడుండాలి?

నా చదువు తొమ్మిదితోనే ఆగింది. దరఖాస్తు రాయడం రాదు. నోటితో అడగాల్సిందే. మా సేటు కనకయ్యది కూడా మా వైపే. అందరికీ ఆయన సేటు, మా తెలుగువాళ్లకు మాత్రం 'కాక', అంటే చిన్నాన్న. గురువారం ధైర్యం చేశాను.

"కాకా, జర ఒక మాట."

"జీతమా?"

"కాదు, టైము."

"జీతమంటెనే నయముండె. ఏంది, చెప్పు."

"పొద్దుగాల వస్త, పగటన్నం యాళ్లకు పోత. మిగిలిన చీరలు ఇంటికి కొంచవోయి చేస్కస్త. బుజ్జిని చూసెటోళ్లు లేరు."

"ఇంటికా? ఆడ నూనె, కారం, పోరగాండ్లు. మరకవడితె చీరలిచ్చిన యాపారి నా మొకాన కొడ్తడు."

"పడనియ్య కాకా."

కాక చెవి గోక్కున్నాడు. "ఒక్క కట్ట కొంచవో. రేపు జూసి చెప్త."

ఆ సాయంత్రం బుజ్జికి ముందే తినిపించి, చేతులు కడిగి, మంచం ఎక్కించాను. ఉతికిన దుప్పటి పరిచి, దాని మీద చీరలు పెట్టుకుని పని చేశాను. ఒక్క తెల్లచీర మిగిలింది. తెల్లవారి లేచి, వాకిలి ఊడ్చి, శుక్రవారం కదా అని గడపకు పసుపు రాసి బొట్లు పెట్టాను. గది అద్దెదైనా గడప గడపే. మా గదిలో వెలుతురు తక్కువ. తలుపు దగ్గర కూర్చుని ఆ చీర కూడా ముగించాను.

మడత పెడుతుంటే కనబడింది. అంచు పొడవునా పసుపు గీత.

నూనె మీద కన్నుంచాను, కారం మీద ఉంచాను, బుజ్జి మీద ఉంచాను. నా చేత్తో నేను రాసిన పసుపు గుర్తుకే రాలేదు. కంగారులో సబ్బు రుద్దాను. పసుపు కాస్తా ఎర్రబడింది.

కట్టలో అడుగున పెట్టొచ్చు. కానీ రేపు బయటపడితే ఇంటికి కట్ట ఇవ్వడం ఇక కల్లే. చీరను పైనే పెట్టుకుని పోయాను.

కాక అంచు పట్టుకుని చూశాడు. "గిదేంది?"

"గడపకు పెట్టిన పసుపు కాకా. ఆడనే కూసున్న."

కాక చీర పక్కన పెట్టి, మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆయన తెల్ల ప్యాంటు వెనక ఇంత మేర పసుపు.

"మీ చిన్నమ్మది గూడ పొద్దుగాల గదే పని. ఫోన్ల మాట్లాడుకుంట గడప మీద కూసున్న. బజారంత తిరిగొచ్చిన, ఒక్కడు చెప్పలె."

దారాలు కత్తిరించే ఆడవాళ్లంతా చీరల్లో మొహాలు దాచుకున్నారు.

"ఎండల ఆరేస్తె పసుపు పోతది కాకా," అన్నాను.

"పసుపు పోతది, చీర మీది గంజి గూడ పోయింది. ఇగ గది మీ చిన్నమ్మ కట్టుకుంటది. తప్పు ఆమెది గూడ ఉన్నది." కుర్చీలో కూలబడి, మళ్లీ గబుక్కున లేచి, కుర్చీ తుడుచుకున్నాడు. "సరే, పగటికి పో. కట్ట ఇస్త. గురువారం మాత్రం ఇయ్య. శుక్రవారం పని మొత్తం ఈడనే."

"మరి శుక్రవారం బుజ్జి?"

"తీస్కరా. మూటల మీద పండుకుంటది."

సంతోషించాల్సింది పోయి నాకు మళ్లీ భయం పట్టుకుంది. "అది ఊకోదు కాకా. చీరలల్ల దారాలు గుంజుతది."

"గుంజనియ్యే," అన్నాడు కాక. "మనం చేసేదేంది మరి?"