అనుమతి అడిగిన పెట్టె

పెరూ దేశంలో నాపో నది ఒడ్డున ఉన్న శాంత రొసీత ఊరికి ఫోన్ సిగ్నల్ అందదు. ఆ ఊరి ఆరోగ్య కేంద్రాన్ని దిగువ పట్నంలోని ఆసుపత్రితో రేడియో పెట్టెల ద్వారా కలపాలన్నది ఇకితోస్ నగరంలో ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్న బ్రిసెలా, రోనల్‌ల ప్రాజెక్టు. సామాను ఎంచే బాధ్యత బ్రిసెలాది. ఒక రకం పెట్టెలో కంపెనీ సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంటుంది, తెర మీద నాలుగు చోట్ల నొక్కితే చాలు. రెండో రకంలో ఉచిత సాఫ్ట్‌వేర్ మనమే ఎక్కించుకుని, ప్రతి ఆదేశమూ చేత్తో రాసుకోవాలి. రోనల్ రెండోదే కావాలని పట్టుబట్టాడు. బ్రిసెలా మొదటిది తెప్పించింది. వాళ్ల ప్రొఫెసర్ కూడా మెచ్చుకున్నాడు.

పొద్దున స్తంభం పాతి, వెంట తెచ్చిన చిన్న బ్యాటరీ మీద నడిపితే పెట్టె బాగానే పనిచేసింది. ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ గొంతు వినబడగానే ఊరివాళ్లు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం ఆ బ్యాటరీ అయిపోగానే పెట్టెను కేంద్రం సోలార్ బ్యాటరీకి మార్చి మళ్లీ ఆన్ చేస్తే ఎర్ర దీపం వెలిగింది. అనుమతి గడువు తీరింది, కంపెనీ సర్వర్ నుంచి మళ్లీ తీసుకోవాలి, ఇంటర్నెట్‌కు కలపండి అని తెర మీద వచ్చింది.

"ఇంటర్నెట్టే ఉంటే ఇక్కడ ఈ స్తంభం ఎందుకు పాతుతాం?" అన్నాడు రోనల్.

అంతలో నలుగురు మగవాళ్లు ఆ ఊరి నెలిదాను ఊయల గుడ్డలో మోసుకుంటూ కేంద్రం మెట్లెక్కారు. ఇంట్లోనే కాన్పయింది. బిడ్డ క్షేమం. తల్లికి రక్తం ఆగడం లేదు.

కేంద్రానికంతటికీ ఒకే నర్సు ఎలీసెర్, ఊరంతా గౌరవంగా డాన్ ఎలీసెర్ అంటారు. ఆయన ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ పెట్టి, పొత్తికడుపు నొక్కుతూనే తల తిప్పాడు.

"అమ్మాయ్, ఆ డాక్టరమ్మను పిలువు. మన పడవ మీద పట్నం చేరేదాకా ఈవిడ ప్రాణం నిలవదు. వాళ్ల స్పీడ్ బోటు ఎదురొస్తేనే ఆశ."

"పెట్టె మొరాయించింది, డాన్ ఎలీసెర్. నేను ఎంచిన పెట్టే."

ఆయన తిట్టలేదు. తిట్టే తీరిక లేదు.

రోనల్ ల్యాప్‌టాప్ తెరిచాడు. "ఉచిత సాఫ్ట్‌వేర్ నా దగ్గరుంది. ఇందులోది చెరిపేసి అది ఎక్కించొచ్చు. అవతలి పెట్టె దీనితో కూడా మాట్లాడుతుంది. కానీ మధ్యలో కరెంటు పోయిందనుకో, ఇది ఇక రాయే."

రెండు రోజులుగా మబ్బే. బ్యాటరీ దాదాపు అడుగంటింది. టీకాల ఫ్రిజ్‌ కూడా దాని మీదే నడుస్తోంది.

"ఫ్రిజ్ పీకెయ్," అన్నాడు ఎలీసెర్.

"టీకాలు పాడవుతాయి," అంది బ్రిసెలా.

"తెలుసులే. పీకెయ్."

బ్రిసెలా ఫ్రిజ్ వైరు లాగేసింది. చెరిపే ఆదేశం రాసి, వేలు మీట మీద పెట్టి ఒక్క క్షణం ఆగింది. ఆమె నొక్కింది.

పెట్టె మీద దీపాలన్నీ ఆరిపోయాయి. తెర మీద గీత నత్తలా కదులుతోంది. రేకుల మీద వాన మొదలైంది. లోపల నెలిదా భర్త ఆమె పేరే పదే పదే పిలుస్తున్నాడు, ఆమె పలకడం మాత్రం క్రమంగా తగ్గుతోంది. గీత సగంలో ఆగిపోయింది. అది మళ్లీ కదిలింది.

చివరికి దీపం వెలిగింది. అయినా అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆదేశాలన్నీ ఇప్పుడు చేత్తో రాయాలి. తొందరలో ఒక అంకె తప్పు పడింది.

"మూడు కాదు, ఎనిమిది," అన్నాడు రోనల్ మెల్లగా.

దిద్దింది. బుసబుసమని చప్పుడు, ఆ వెంటనే ఆడగొంతు: "శాంత రొసీతా, వినబడుతోందా?"

బ్రిసెలా మైకు తీసుకుని లోపలికి పరిగెత్తింది. డాక్టరమ్మ నాలుగు ప్రశ్నలు వేసింది, చెయ్యి ఎలా పెట్టి నొక్కాలో ఎలీసెర్‌కు చెప్పింది, మాట పూర్తి కాకముందే బోటును బయల్దేరదీసింది. నెలిదాను ఎక్కించిన ఊరి పడవా, ఆ బోటూ దారి మధ్యలో కలిశాయి. నెలిదా బతికింది.

టీకాలు మాత్రం పారబోయాల్సి వచ్చింది. ఎలీసెర్‌కు పైఅధికారుల నుంచి చీవాట్లు పడ్డాయి. బ్రిసెలా ఇకితోస్ చేరగానే ప్రొఫెసర్ గదికి వెళ్లింది.

"చివరికి బాగానే పనిచేసింది కదమ్మా," అన్నాడాయన.

"మేం దాన్ని చెరిపాక పనిచేసింది, సార్. ఎంచినప్పుడు నేను సులువు చూశాను, ఊరు చూడలేదు."

మిగతా ఊళ్లకూ అవే పెట్టెలు కొన్నారు, వాపసు ఇచ్చే వీల్లేదు. వాటన్నిటిలోని సాఫ్ట్‌వేర్ కూడా పంపేముందే మార్చెయ్యమన్నాడు ప్రొఫెసర్. ఆ సెలవులన్నీ బ్రిసెలా ల్యాబులోనే గడిపింది. ఆమె రాస్తుంటే పక్కన కూర్చుని రోనల్ ఒక్కో అంకే చదివి సరిచూశాడు.