మా ఆయన మొహం

అది మా చిన్నది కత్తిరింపు దగ్గర్నుంచి బొత్తాల దాకా తనే చూసుకుని కుట్టిన మొదటి కోటు. మా ఆయన కత్తెర ముట్టుకోలేదు. "ఆయనకి నచ్చి తీసుకెళ్తే కత్తిరింపు బల్ల నీది. లేదంటే మళ్ళీ మీ అమ్మ పక్కన కాజాలు కుట్టుకో" అన్నారు ముందే.

ఆయనంటే ఆ కోటు కుట్టమన్న కెప్టెన్ గారు. ఓడల మీద పనిచేసి రిటైరయ్యారు. అద్దం ముందు నిలబడి చేతులు ఎత్తి దించి చూసుకున్నారు. భుజాల దగ్గర ఒక్క ముడత లేదు. నవ్వబోతూ, అద్దంలో తన వెనకున్న మా ఆయన్ని చూశారు. కనుబొమలు ముడిపడి, దవడలు బిగుసుకుని, పెదాల మధ్య గుండుసూదులు.

కెప్టెన్ గారు బొత్తాలు విప్పడం మొదలుపెట్టారు.

"ఎక్కడ చెడిందో చెప్పెయ్యండి మాస్టారూ."

మా ఆయన తల అడ్డంగా ఊపారు, అంతే.

"చెడలేదండీ" అంది చిన్నది.

"నీకు తెలీదులే అమ్మాయ్. నేను ఎన్ని రేవులు తిరిగానో. భాష రాకపోయినా మొహాలు చూసే నెట్టుకొచ్చాను. కోపం ఎక్కడైనా కోపమే. మీ నాన్న మండిపోతున్నాడు."

చిన్నది వాళ్ళ నాన్న వంక చూసి తల దించుకుంది. కెప్టెన్ గారి మాటే నిజమనుకుంది, దాని తప్పు లేదు. ఆ మొహం ఆయన ఎప్పుడూ దాని వెనకే పెడతారు. అది ఇటు తిరిగేసరికి సర్దేసుకుంటారు.

నేను లేచి, మిషను పైన గోడకున్న ఫోటో దించి కెప్టెన్ గారి చేతికిచ్చాను. అందులో మా ఆయన గుడ్డలో చుట్టిన బిడ్డని ఎత్తుకుని ఉన్నారు. అవే కనుబొమలు, అవే దవడలు.

"అప్పుడెవరి మీదమ్మా కోపం?"

"అది ఈ పిల్ల పుట్టిన రోజండీ. ఇదీ చెడిపోయి పుట్టిందనుకోమంటారా? ఆయనకి గర్వమొస్తే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. అవి జారకుండా అలా బిగబడతారు."

"ఏమే, ఇంక ఊరుకో" అన్నారు మా ఆయన సూదుల మధ్య నుంచి. చెవులు ఎర్రబడ్డాయి.

కెప్టెన్ గారు ఆ చెవులు చూసి పకపకా నవ్వారు. "సిగ్గు మాత్రం అన్ని రేవుల్లోనూ ఇంతేనమ్మా" అంటూ బొత్తాలు మళ్ళీ పెట్టుకుని, కోటు ఒంటి మీదే ఉంచుకుని వెళ్ళిపోయారు.

మా ఆయన సూదులు తీసి మెత్తకి గుచ్చారు. తన స్టూలు నా పక్కకి లాక్కుని, నేను సగంలో వదిలిన కాజా అందుకున్నారు. చిన్నది కత్తిరింపు బల్ల మీద కొత్త గుడ్డ పరిచింది. దాని వీపు వంక చూస్తుంటే ఆయన కనుబొమలు మళ్ళీ ముడిపడ్డాయి.

ఉన్నట్టుండి అది వెనక్కి తిరిగింది. ఈసారి ఆయన మొహం సర్దుకోలేదు.