అనొద్దన్న మాట

పెద్ద హోటల్ లాండ్రీలో కిటికీ పక్క ఇస్త్రీ బల్ల నాది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజరమ్మ యాభై దాటిన మమ్మల్నందరినీ ఏరి బాయిలర్ గదిలోకి తోసి, కిటికీ బల్లలు కుర్రాళ్లకిచ్చింది. ఆ ఆవిరికి మధ్యాహ్నమయ్యేసరికి కళ్లు బైర్లు కమ్ముతాయి. నా బల్ల నాకిమ్మని పైకి కబురు పెడితే మేనేజరు రమ్మన్నాడు. ఆయనకు ఇంగ్లీషు తప్ప ఏదీ రాదు. నాకు ఇంగ్లీషొక్కటే రాదు.

మా బావమరిది పై ఆఫీసులో గుమాస్తా. ముందురోజు ఇంటికొచ్చి, అడక్కుండానే పాఠం మొదలుపెట్టాడు.

“బావా, డిస్క్రిమినేషన్ అను. వయసు చూసి పక్కన పెట్టారని అర్థం. అది వింటే ఎవరెవరిని మార్చారో చూడక తప్పదు వాళ్లకి. హరాస్‌మెంట్ అని మాత్రం అనకు. అది వేరే.”

“వేరే అంటే?”

“అక్క ముందు చెప్పేది కాదులే.”

అక్కడే నన్ను అనుమానం పురుగులా దొలిచింది. నా మంచి కోరి ఏనాడూ మా గడప తొక్కినవాడు కాదు. పైగా సూపర్‌వైజరమ్మతో కూర్చుని టీ తాగుతాడని స్టోర్‌రూమువాడు చెప్పాడు. నోరు తిరగని మాట నా నోట్లో కుక్కి, తిరిగేదాన్ని వద్దంటాడేం? హరాస్‌మెంట్ నాకు తెలియనిదా? బస్సులో సీటు దగ్గర గొడవైనా జనం అదే అంటారు. వద్దన్నాడంటే పనిచేసేది అదే.

“మా తమ్ముణ్ణి కూడా నమ్మరా మీరు?” అంది మా ఆవిడ.

“నీ తమ్ముడు కాబట్టే.”

మర్నాడు మేనేజరు ఎదుట సూపర్‌వైజరమ్మ కూర్చుంది. నా మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి బావమరిదినే నిలబెట్టారు. వాడు నోరు తెరిచేలోపు నేనే అనేశాను.

“హరాస్‌మెంట్, సార్.”

మేనేజరు కలం పక్కన పెట్టాడు. సూపర్‌వైజరమ్మ ముఖం పాలిపోయింది. మేనేజరు ఏదో అడిగాడు. బావమరిది నేలచూపులు చూస్తూ తెలుగులో చెప్పాడు.

“ఆవిడ నీమీద చెయ్యి వేసిందా, పాడుమాటలేమైనా అందా అంటున్నారు.”

“ఛీ, అవేం మాటలు? నా ముఖమైనా సరిగా చూడదావిడ.”

వాడు అదే ఇంగ్లీషులో చెప్పాడు. మేనేజరు నవ్వాపుకుని, ఫిర్యాదు నిలవదని తలుపు చూపించాడు. వయసు సంగతి ఎత్తబోయేసరికి నేను వరండాలో ఉన్నాను.

బాయిలర్ గది అలాగే ఉంది, నేనూ అందులోనే ఉన్నాను.

“వాడు సరైన మాటే చెప్పాడు కదండీ,” అంది మా ఆవిడ అన్నం వడ్డిస్తూ.

“నేనూ అదేగా అంటోంది. చెబితే విననని తెలిసే చెప్పాడు.”