తోలు చిన్నదన్నాడు

అప్పటికి మూడు రోజులుగా ఆ ఇంట్లో ఒకటే గొడవ. వండిని అమ్మేయాలని గోవిందరాజ్, అమ్మకూడదని అతని భార్య సుధాలక్ష్మి. మొదటి రోజు గట్టిగా మాటలు అనుకున్నారు. రెండో రోజు మెల్లగా అనుకున్నారు. మూడో రోజు ఒకరితో ఒకరు కాకుండా కూతురు కార్తికతో చెబుతున్నట్టు అనుకున్నారు. ఆ ఉదయం గోవిందరాజ్ ఇడ్లీ తుంచుతూ, వెంబకోట్టై నుంచి తంగపాండి అనే ఆయన కొనడానికి ఆదివారం వచ్చి వండిని చూసుకుంటాడని కార్తికకు చెప్పాడు. వచ్చి, చూసి, కాఫీ తాగి వెళ్ళమను అని సుధాలక్ష్మి కూడా కార్తికకే చెప్పింది. కార్తిక తల ఎత్తకుండా తిని కాలేజీకి వెళ్ళిపోయింది.

ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే వాళ్ళు వండి అనేది మోటార్ సైకిల్‌ని. గోవిందరాజ్ ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీకి బస్సులో పోవడం మొదలుపెట్టాక అది వసారాలో దుమ్ము పట్టి ఉండేది. ముప్పై ఎనిమిదో ఏట సుధాలక్ష్మి దాన్ని తుడిచి, నేర్చుకుని, పనికి వాడుకోవడం మొదలుపెట్టింది. కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో పాల సంఘం తరఫున పాలు పరీక్ష చేసే పని ఆమెది. తెల్లవారి ఐదుకి బయలుదేరితే ఎనిమిదికల్లా ఆరూ ముగించాలి. ఆ వేళకి ఆ ఊళ్ళకు బస్సు లేదు.

రెండు నెలల కింద ఒక మేక అడ్డం వచ్చింది. మేకకు ఏమీ కాలేదు. సుధాలక్ష్మికి మాత్రం ఎడమ భుజం నుంచి మోచేతి దాకా చర్మం లేచిపోయింది. ఆరు వారాలు రోజూ కట్టు మార్చింది గోవిందరాజే. ఇప్పుడు గాయం మానింది. సోమవారం వచ్చి చేరకపోతే ఆరు ఊళ్ళూ ఇంకొకరికి ఇచ్చి, ఆమెను ఆఫీసులో చిట్టీలు రాసే కుర్చీలో కూర్చోబెడతానని సంఘం కార్యదర్శి కబురు పెట్టాడు. వండి పోతే ఊళ్ళు పోతాయి. ఆరేళ్ళుగా తనకంటూ ఉన్నది అదే.

కార్తిక వెళ్ళాక మధ్యలో చెప్పించుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

"ఇంకొకసారి పడితే నీ మేన తోలు నిలిచేనా?" అన్నాడు గోవిందరాజ్.

"దాని మీద ఇంకో తోలు ఏసుకుంటా."

కోపంలో వచ్చిన మాట అది. కానీ అన్నాక ఆమె దాన్ని వదల్లేదు. సాయంత్రం కార్తిక ఫోనులో బండి నడిపేవాళ్ళు వేసుకునే తోలు జాకెట్లు చూపించింది. జాకెట్ అంటే ఆ ఇంట్లో రవికె కాబట్టి, సుధాలక్ష్మి అత్తగారు గోవిందమ్మాళ్‌కు ఇది కోటు అని విడిగా చెప్పాల్సి వచ్చింది. ఈ ఎండలో తోలు కోటా అని ముసలామె ఆశ్చర్యపోయింది. ఎనిమిదికి తన పని అయిపోతుంది, ఎండ తర్వాత కదా వచ్చేది అని సుధాలక్ష్మి సర్దిచెప్పింది.

మర్నాడు కోవిల్‌పట్టిలో రెండు కడలు, అంటే దుకాణాలు, తిరిగింది. మొదటి కడలో అవి తోలు కూడా కావు, రెగ్జిన్. రెండో కడలో ఉన్నవి తోలే గాని, చేతులు వేళ్ళు దాటి వేలాడాయి, భుజాలు కిందికి జారాయి. సార్‌ని తీసుకొస్తే సరిగ్గా కొలత చూస్తామని కడవాడు అన్నాడు. బయటికి వస్తుంటే పక్కన సీటు కవర్లు కుట్టే ఆయన పిలిచి, విరుదునగర్‌లో వెళ్ళైసామి అనే పెద్దాయన దగ్గర పాతకాలపు కోటు ఒకటి ఉందని నంబరు ఇచ్చాడు.

బస్టాండు మోతలో నిలబడే ఫోన్ చేసింది. తోలు ఎట్టా ఉంది అని తమిళంలో అడిగింది. తోల్ చిన్నది, అందుకే నాలుగేళ్ళుగా ఎవరూ తీసుకోలేదు అన్నాడాయన.

ఇంటికొచ్చి ఆ మాట అలాగే చెప్పింది. తోలు చిన్నదంటే చాలక ముక్కలు అతికించి ఉంటారని గోవిందరాజ్ తేల్చేశాడు. గోవిందమ్మాళ్ తమలపాకు నోట్లో ఒక పక్కకు తోసుకుంది.

"చిన్న తోలంటే మేకదేమో. నిన్ను పడేసిందే అయ్యుండాది, చూసుకో."

ఆ మూడు నాలుగు రోజుల్లో గోవిందరాజ్ నవ్వడం అదే మొదలు. సుధాలక్ష్మికీ నవ్వొచ్చింది గాని మింగేసింది. శనివారం విరుదునగర్ బస్సెక్కింది. జనంలో ఆమె చెయ్యి ఒత్తుకుపోతుందని గోవిందరాజ్ కూడా ఎక్కాడు. అతుకులు కళ్ళారా చూసి రావాలన్నది లోపలి మాట.

వెళ్ళైసామి కడ మిరపకాయల గిడ్డంగుల వెనక సందులో ఉంది. ఇద్దరూ తుమ్ముతూనే లోపలికి వెళ్ళారు. సీట్లు కుట్టించుకోవడానికి వచ్చిన రెండు మోటార్ సైకిళ్ళ వెనక, గోడ కొయ్యకు, తెల్ల పంచె కప్పి ఉంది కోటు. ఆయన పంచె తీశాడు. ముదురు గోధుమరంగు. ఇత్తడి జిప్పు. కొడైకానల్‌లో ఒక పాత బంగళా ఖాళీ చేస్తుంటే కొన్నదట. వయసులో తన కంటే కొంచెమే చిన్నదై ఉంటుందని, ఏటా ఆముదం రాసి ఆరబెడతానని చెప్పాడు.

సుధాలక్ష్మి వీపు మీద వేళ్ళతో నిమిరింది. గోవిందరాజ్ వంగి, లోపలి గుడ్డ తిప్పి కూడా వెతికాడు. ఎక్కడా అతుకు లేదు. వీపంతా ఒకటే తోలు.

"తోల్ చిన్నదన్నారే?" అంది ఆమె.

పెద్దాయన తన రెండు భుజాల మీద రెండు చేతులూ పెట్టుకుని, ఇది, అన్నాడు.

తమిళంలో తోల్ అంటే తోలు, తోళ్ అంటే భుజం. నాలుక మడత పడటంలోనే ఉంది తేడా అంతా. ఆమె మనసులో ఇంటి మాట, తోలు, ఉంది కాబట్టి చెవికి అదే వినపడింది.

"వచ్చిన ప్రతి మగవాడికీ భుజం చాలదని చెప్పి పంపుతున్నానమ్మా," అన్నాడు వెళ్ళైసామి తమిళంలో. "ఆడవాళ్ళకు కుట్టిందని జిప్పు ఏ పక్కకు తగులుకుంటుందో చూస్తేనే తెలుస్తుంది. అడగడానికి ఆడమనిషి రావాలి కదా."

నిలబడి వేసుకోబోతే ఆపాడు. బండి కోటు నిలబడి చూసేది కాదన్నాడు. అక్కడున్న మోటార్ సైకిల్ మీద కూర్చోబెట్టి, హేండిల్ పట్టుకోమన్నాడు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుని, కోటు తొడుక్కుని, ఆమె చేతులు ముందుకు చాచింది.

కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగింది. చేతులు చాచినా మణికట్టు బయటపడలేదు. వంగినా వీపు కింద నడుము కప్పుకునే ఉంది. జిప్పు మెడ దాకా ఒక్క లాగులో వెళ్ళింది. కొత్తగా వచ్చిన లేత చర్మానికి లోపలి గుడ్డ చల్లగా తగిలింది. ఎక్కడా ఒరుసుకోలేదు. ఎన్నేళ్ళుగానో రవికెలు కూడా రెండుసార్లు విప్పి కుట్టించుకునే మనిషి ఆమె. ఎవరో, ఎక్కడో, తనను చూడకుండానే తన కొలత తీసుకున్నారనిపించింది.

గోవిందరాజ్ ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. భుజం కుట్టులో వేలు దూరుతుందేమోనని నొక్కి చూశాడు. దూరలేదు. ఎడమ మోచెయ్యి దగ్గర ఆగి, అక్కడ చాలాసేపు చెయ్యి ఉంచాడు. తర్వాత ఆమెను కాదు, వెళ్ళైసామిని అడిగాడు.

"ఈడ ఇంకో పొర ఏసి కుట్టేదానికి అయ్యేనా?"

తెలుగులో అడిగేశానని అతనికి తెలియలేదు. పెద్దాయనకు అర్థమైంది. సూది తీశాడు.

బేరం సుధాలక్ష్మే చేసింది. తన సొంత డబ్బే ఇచ్చింది. కోటు విప్పకుండానే నడి మధ్యాహ్నం గిడ్డంగుల వీధిలో బస్టాండు దాకా నడిచింది. మిరప బస్తాలు ఎత్తే వాళ్ళు పని ఆపి చూశారు. చెమట మెడ మీంచి కారుతోంది.

"ఇప్పుకో, కాలిపోతుండాది," అన్నాడు గోవిందరాజ్ పక్కన నడుస్తూ.

"నాకు చలిగా ఉండాది," అంది ఆమె.

బస్సు సాత్తూరు దాటేదాకా నవ్వు ఆపుకుని, అక్కడ ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

సాయంత్రం నలుగురూ కింద కూర్చుని తింటున్నారు. గోవిందమ్మాళ్ కోటు తడిమి చూసి, గట్టిదే అని ఒప్పుకుని, ఇక దాన్ని దేవుడి పటాల వైపు తగిలించవద్దని మాత్రం చెప్పింది. సుధాలక్ష్మి అందరికీ రసం వడ్డించి, గిన్నె కింద పెట్టి, తను కూడా కూర్చుంది. గొంతు పెంచలేదు.

"తంగపాండిని రావద్దని ఫోన్ చేసి చెప్పేసినా. వండి అమ్మేది లేదు. సోమవారం ఐదుకి పోతుండా. ఆరు ఊర్లు కాదు, ఎనిమిది. కార్యదర్శిని నేనే అడిగి ఇంకో రెండు తీసుకున్నా."