రెండు అరవై నాలుగులు

మోటార్లకు రాగితీగ చుట్టుకునే మనిషిని తెచ్చి కెర్నల్ టెస్టింగులో కూర్చోబెడితే ఎవరైనా నవ్వుతారు. నవ్వారు కూడా. ఆఫీసులో అందరూ అతన్ని మేస్త్రీ అనే పిలుస్తారు. ఆ పిలుపులో గౌరవం పావువంతు, మిగతా ముప్పావూ పదో తరగతి దాటని చదువు మీద ఎత్తిపొడుపు అని అతని లెక్క. తప్పు లెక్కేమీ కాదు.

ఉద్యోగం చూపించింది బావమరిది. కెర్నల్ అంటే యంత్రంలో మిగతా ప్రోగ్రాములన్నిటికీ చోటు పంచిపెట్టే మూల ప్రోగ్రాము. దాన్ని రాసేవాళ్లలో బావమరిది ఒకడు. వాళ్లు రాసినదాన్ని తిరగేసి మరగేసి తప్పులు పట్టడం మేస్త్రీ పని. మూడేళ్లుగా తాత్కాలికం అన్న కార్డే మెడలో వేలాడుతోంది. ఇవాళ మధ్యాహ్నం కొత్త కెర్నల్ బయటికి వెళ్తే, సాయంత్రం అతని పర్మనెంటు కాగితం మీద టీమ్ లీడర్ సంతకం పెడుతుంది. పొద్దున అతను చెప్పులు వేసుకుంటుంటే భార్య ఒకటే మాట అంది. "ఇవాళొక్కరోజు ఎవరితోనూ పెట్టుకోకండి."

ఆ కంపెనీ తయారుచేసేది ఆసుపత్రి మంచం పక్కన పెట్టే చిన్న పెట్టె. రోగి నాడిని తెర మీద గీతగా చూపిస్తుంది. అందులోని ప్రోగ్రాములను గుంపులుగా కట్టి, ఒక్కో గుంపుకూ ఇంత మెమరీ అని హద్దు పెడతారు. పెద్ద గుంపు లోపల చిన్న గుంపులుంటాయి. చిన్నది వాడుకున్నదంతా పెద్దదాని వాడకం కింద కూడా పడాలి. పెద్దదాని హద్దు నిండిందా, చిన్నదానికి సొంతంగా ఎంత మిగిలి ఉన్నా ఆగిపోవాల్సిందే. ఈ కట్టుబాటును నడిపించే సెట్టింగు ఒకటుంది. అది దారి తప్పితే పాత రికార్డులు రాసుకునే ప్రోగ్రాము ఉబ్బి ఉబ్బి, నాడి గీత గీసే ప్రోగ్రాముకు చోటు లేకుండా చేస్తుంది. తెర మీద గీత కదలకుండా ఉండిపోతుంది. చూసే నర్సుకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

ఆ సెట్టింగుకు టెస్టు రాసింది మేస్త్రీయే, రెండేళ్ల కిందట. అప్పటినుంచి తప్పుందని చెప్పే ఎరుపు ఒక్కసారీ రాలేదు. ఎప్పుడు నడిపినా పచ్చే.

పదిన్నరకల్లా కొత్త కెర్నల్ మీద టెస్టులన్నీ నడిచాయి. నూట పన్నెండూ పచ్చ. బావమరిది వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఇంకేంటి బావా, చేతులు కట్టుకు కూర్చో. నీకు పని తగలకుండా రాశాం."

చేతులు కట్టుకు కూర్చోవడమే అతనికి చేతకాదు. వర్క్‌షాపులో పని నేర్పినాయన ఒక అలవాటు చేశాడు. తీగలో కరెంటు లేదని తేల్చేముందు, టెస్ట్ లాంపును కరెంటున్న తీగకు తాకించి అది వెలుగుతుందో లేదో చూడాలి. మాడిపోయిన బల్బు ఏ తీగకు పెట్టినా కరెంటు లేదనే చెబుతుంది. దాని మాట నమ్మి చెయ్యి పెట్టి మూడు వేళ్లు పోగొట్టుకున్నవాణ్ణి మేస్త్రీ కళ్లారా చూశాడు.

వరసగా అన్ని పచ్చలు చూసేసరికి ఆ బల్బు గుర్తొచ్చింది. తను టెస్టు రాసిన ఆ హద్దుల సెట్టింగును పూర్తిగా ఆపేసి అదే టెస్టు మళ్లీ నడిపాడు. ఇప్పుడు ఎరుపు రావాలి.

పచ్చ వచ్చింది.

తను రాసిన టెస్టు తెరిచి, తెర మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. పెద్ద గుంపు హద్దు అరవై నాలుగు ఎంబీ. చిన్న గుంపు హద్దు, అదీ అరవై నాలుగే. ప్రోగ్రాము వంద అడుగుతుంది, చిన్నదాని సొంత హద్దు దగ్గరే ఆగిపోతుంది. పెద్దదాని దాకా వెళ్లేదెక్కడ? రెండేళ్ల కిందట పై వరసను కాపీ చేసి కింద అంటించి, గుంపు పేరు మార్చి, అంకె మార్చడం మరిచాడు. అంతే.

లేచి వెళ్లి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. పట్టా ఉన్నవాడు చేస్తే పొరపాటంటారు. తను చేస్తే చదువు లేకపోవడమంటారు. ఎవరికీ తెలియదు. రేపు నెమ్మదిగా దిద్దుకోవచ్చు. అలా అనుకుంటూనే వెనక్కొచ్చి చిన్నదాని హద్దును రెండు వందలు చేసి, ముందు పాత కెర్నల్ మీద నడిపాడు. ప్రోగ్రాము అరవై నాలుగు దగ్గర ఆగింది. పచ్చ. కొత్త కెర్నల్ మీద నడిపాడు. అడ్డూ ఆపూ లేకుండా వందా మింగేసింది. ఎరుపు.

కొత్త కెర్నల్లో ఆ భాగం రాసింది బావమరిది. పిలిచి చూపించాడు. బావమరిది అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"రెండేళ్లు గుడ్డిగా ఉన్న టెస్టు ఇంకొక్క రోజు ఉంటే ఏం పోయింది బావా? సంతకం అయ్యాక చెబుదువుగాని. నీ మంచికే అంటున్నా."

"నా మంచికేనా?"

మేస్త్రీ లేచి లీడర్ గదికి నడిచాడు. ఒక్కడే వెళ్తాననుకున్నాడు. వెనక చెప్పుల చప్పుడు వినబడింది.

లీడర్‌కి అతని కూతురి వయసుంటుంది. ముందు తన తప్పు చెప్పాడు, తర్వాత కెర్నల్‌ది. ఆ భాగం రాసింది తానేనని బావమరిది తనే అందుకున్నాడు. ఆమె రెండు ఫలితాలూ చూసి, ఫోన్ తీసి, కెర్నల్ ఇవాళ వెళ్లదని ఎవరితోనో చెప్పింది. అవతలివాళ్లు అరుస్తున్నట్టున్నారు. ఆమె ఫోన్ చెవికి కాస్త దూరంగా పట్టుకుని విని, పెట్టేసింది.

"సెట్టింగు ఆపి చూడమని ఎవరు చెప్పారు మేస్త్రీగారూ?"

ఎవరూ చెప్పలేదని చెప్పి, టెస్ట్ లాంపు సంగతి వివరించాడు. ఆమె తెర మీద టెస్టుల జాబితా తెరిచింది.

"మిగతా నూట పదకొండూ అలా చూశామా?"

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు.

"మీ కాగితం మీద ఇవాళ సంతకం పెట్టను," అంది. అనుకున్నదే. అతను మెడలోని కార్డు సర్దుకుని లేవబోయాడు. ఆమె కూర్చోమని చేత్తో సైగ చేసింది. "కెర్నల్ వెళ్లిన రోజు పెడతానన్నాను, ఆ రోజే పెడతాను. వారం పడుతుంది. ఈలోగా అన్ని టెస్టులూ అలా చూడండి. మీ బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకోండి. మాకెవరికీ తట్టలేదిది."

మధ్యాహ్నం బావమరిది కుర్చీ లాక్కొచ్చి పక్కన కూర్చున్నాడు. ఒక్కో సెట్టింగూ ఆపుతూ, ఎరుపు వస్తే ఊపిరి పీల్చుకుంటూ సాగారు. ఎరుపు చూసి సంతోషించడం ఇద్దరికీ కొత్తే. మూడింటికి రెండో గుడ్డి టెస్టు దొరికింది. రాసింది బావమరిది. ఏం చదువుకున్నావని అడుగుదామని మేస్త్రీకి నోటిదాకా వచ్చింది గాని, మింగేసి, దిద్దడానికి కీబోర్డు అతని వైపు జరిపాడు.

నాలుగింటికి భార్య ఫోన్ చేసింది. సంతకం అయిందా అని.

"వారం పడుతుంది."

"చెప్పానా వద్దని? ఎవరితో పెట్టుకున్నారు?"

"నాతోనే," అన్నాడు మేస్త్రీ. గొంతులో ఏం వినబడిందో గాని, ఆవిడ తిట్టలేదు. తమ్ముణ్ణి రాత్రి భోజనానికి తీసుకురమ్మంది.

అతను ఫోన్ పెట్టేసి తర్వాతి సెట్టింగు ఆపాడు.