గోటి గాటు

మా అత్త పుల్లమ్మకి రెండు కళ్ళకీ పొరలొచ్చాయి. అయినా అద్దంకి సంతలో అరటికాయలు ఆవిడే ఏరాలి. ప్రతి కాయకీ తొడిమ దగ్గర బొటనవేలి గోరు గుచ్చి, పసరు చివ్వున వస్తేనే లేతదని సంచిలో వేసుకునేది. "గోళ్ళు పెట్టమాకమ్మా, కాయలు నల్లబడతన్నాయి" అని కొట్టు సుభానీ మొత్తుకునేవాడు. వింటేగా! చివరికి వేగిన ముక్కని కూడా గోటితో నొక్కి చూశాకే నోట్లో వేసుకునేది.

పోయినేడాది, ఎనభై నాలుగులో, మిరపకోతల రోజుల్లో, ఓ పొద్దున్నే అడిగింది.

"అరటికాయ వేపుడు తినాలనుందే రెబ్కా."

నాకు ఒళ్ళు మండింది. "కోతకి పోవాలా, నీకు వేపుళ్ళు చేసిపెట్టాలా? ఈ వయసులో నోరు కట్టుకోలేవా?" అనేసి వెళ్ళిపోయాను. పొద్దుగూకి వచ్చేసరికి మంచంలో ప్రాణం లేదు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. అత్త నన్ను క్షమించిందో లేదో తెలిస్తే చాలు నాకు.

ఇవాళ్టికి సరిగ్గా ఏడాది. జ్ఞాపకార్థ ప్రార్థనకి ఆ వేపుడే చేద్దామని నాలుగు కాయలు తెచ్చాను. కొట్లో తిప్పి తిప్పి చూసుకున్నాను, ఒక్క గాటు లేదు. ఇంటికొచ్చి సంచి కుమ్మరిస్తే నాలుగింటికీ తొడిమ దగ్గర గోటి గాటు! పసరు ఇంకా తడిగానే ఉంది.

"నువ్వే గుచ్చుంటావులేవే" అన్నాడు మా ఆయన యేసుపాదం.

"ఏదీ, చూడు!" అని చేతులు చాపాను. నెల్లాళ్ళుగా మిరపకాయలు కోసీ కోసీ నా గోళ్ళు కండ దాకా అరిగిపోయాయి.

చేతులకి నూనె రాసుకుని చెక్కు తీశాను. ముక్కలు మజ్జిగ నీళ్ళలో వేసి, పసుపుతో ఉడికించి, వార్చి, ఎర్రగా వేయించి ఉప్పూ కారం చల్లాను. చనిపోయినవాళ్ళకి పెట్టడం మనకి లేదని చర్చిలో అయ్యగారు ఎన్నిసార్లు చెప్పలేదు! అయినా ముందు అత్త కంచంలోనే వడ్డించి, అత్త మంచం మీద పెట్టాను.

"అయ్యగారొచ్చే వేళైంది. చూస్తే ఊరుకుంటారా?" అన్నాడు మా ఆయన.

"ఊరుకోకపోతే తిట్టనీ. తప్పు చేసింది నేను. తిను అత్తా, నా తల్లివి కదూ!"

తలుపు గడియపెట్టి, ఇద్దరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాం. ఆమెన్ అని కళ్ళు తెరిచాను. ముక్కలింకా పొగలు కక్కుతున్నాయి. లెక్కకి అన్నీ ఉన్నాయి. ప్రతి ముక్క మీదా గోటి నొక్కు ఉంది.

అన్నీ నొక్కి చూసింది. ఒక్కటీ తినలేదు.